మా వ్యాన్ కారిన వానాకాలం

వ్యాన్‌ను మేము ఎండాకాలంలో కొన్నాము. వానాకాలంలో అయితే అసలు కొనేవాళ్లమే కాదు.

మా ఆయన నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. పద్నాలుగేళ్లు చేశాడు. ఒకరోజు పొద్దున షిఫ్టుకు పోతే గేటుకు తాళం వేసి ఉంది. తెరుస్తారు, తెరుస్తారు అంటూ ఎనిమిది నెలలు గడిచాయి. రోజూ పొద్దున స్నానం చేసి ఆ గేటు దాకా పోయి, తనలాగే వచ్చి నిలబడ్డవాళ్లతో మాట్లాడి తిరిగొచ్చేవాడు. చివరికి ఇంట్లో ఉన్న కాస్త బంగారం అమ్మి పాత డీజిల్ వ్యాన్ ఒకటి కొన్నాడు.

కొనే ముందు ఇంజను స్టార్టు చేయించి, కళ్లు మూసుకుని, చాలాసేపు విన్నాడు. డాక్టరు రోగి ఛాతీ మీద చెవి పెట్టినట్టు విన్నాడు. "ఇంజను మంచిగున్నది. ఇంక పదేండ్లు ఫికర్ లేదు" అన్నాడు నాతో. బండికి కొత్తగా తెల్లరంగు వేసి ఉంది. టాపు మీద సామాను పెట్టుకునే ఇనుప క్యారియర్ ఉంది. రంగు కింద ఏముందో మేమెవరమూ చూడలేదు.

అప్పుడు మేము ఉప్పల్‌లో, పెద్దరోడ్డుకు రెండు గల్లీల లోపల, రెండు గదుల్లో ఉండేవాళ్లం. ఆయన నాకు మేనబావ. పెళ్లయ్యాక కూడా నేను బావా అనే పిలిచేదాన్ని. మాకు ఇద్దరు ఆడపిల్లలు, ఇద్దరూ చిన్న క్లాసుల్లో ఉన్నారు.

నాచారంలోనే నోటుబుక్కులు తయారుచేసే షెడ్డు ఒకటుండేది. దాని యజమాని పెద్దాయన, నెమ్మదస్తుడు. రామంతాపూర్, బోడుప్పల్, పీర్జాదిగూడ వైపు బడులకూ దుకాణాలకూ కట్టలు చేరవేసే పని మా ఆయనకు ఇచ్చాడు. బడులు తెరిచేది జూన్‌లో. వానలు మొదలయ్యేదీ జూన్‌లోనే. ఈ రెండూ కలిపి ఆలోచించాలని మాకు తట్టలేదు.

మొదటి వాన పడిన రోజు ఆయన మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. వాకిట్లో బండి ఆపి, దిగకుండా హారన్ కొట్టాడు. నేను బయటికి పోయాను.

"ఇటు రా జర. గిది సూడు."

వెనక తలుపు తీశాడు. కట్టల మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. బడివాళ్లు వీటిని తీసుకోం అన్నారట. ఆ రోజంతా నోటుబుక్కులు ఇంట్లో పరిచాము. మంచం మీద, బియ్యం డబ్బా మీద, కిటికీ చువ్వల మధ్య. కాగితం ఆరిందిగానీ చదును కాలేదు. నీలి గీతలు కరిగి పేజీలన్నీ లేత నీలంగా మారాయి. వాటిలో కొన్ని మా పిల్లలే రాసుకున్నారు. మిగిలినవాటికి షెడ్డు పెద్దాయన ఏమీ అనలేదు. "పాత బండి కదా, ఒక్కసారి చూపించుకో" అన్నాడంతే.

ఆదివారం లీకు వెతకడం మొదలుపెట్టాము. కట్టలన్నీ దించేసి, బండి నేలమీది రబ్బరు చాప మీద పలచగా ముగ్గుపిండి చల్లాను. చుక్క ఎక్కడ పడితే అక్కడ గుంట కనిపిస్తుందని ఆయన చెప్పాడు. నేను లోపల తలుపులు వేసుకుని కూర్చున్నాను. ఆయన నిచ్చెన వేసుకుని పైనుంచి మగ్గుతో నీళ్లు పోశాడు. ఒక్కసారి అంతా పోస్తే ఏదీ తెలియదట. ముందు అద్దం రబ్బరు చుట్టూ, తర్వాత పక్క కిటికీలు, ఆ తర్వాత టాపు. ఒక్కో చోట నాలుగు మగ్గులు.

"పడ్డదా?"

"పడలే."

"ఇప్పుడు?"

"లే బావా."

టాపు ముందు భాగంలో, క్యారియర్ బోల్టు దగ్గర పోసినప్పుడు, నా వెనక, బండి చివర, టప్‌మని చుక్క పడింది. నేను అరిచాను. ఆయన నమ్మలేదు. లోపలికి వచ్చి ముగ్గుపిండిలో గుంట చూశాడు. మళ్లీ ఎక్కి మళ్లీ పోశాడు. మళ్లీ అక్కడే పడింది. నీళ్లు ముందు దూరి, టాపు రేకుకూ లోపలి గుడ్డకూ మధ్యన పాక్కుంటూ పోయి, వెనక దిగుతున్నాయి. కారే చోట ఎంత వెతికినా లాభం లేదని ఆ రోజు తెలిసింది.

బోల్టులు విప్పి, కింద రబ్బరు వాషర్లు వేసి, చుట్టూ డాంబరు పూశాడు. మూడు రోజులు వాన పడింది, ఒక్క చుక్క రాలేదు. నాలుగో రోజు అద్దం పక్క నుంచి వచ్చింది. అద్దానికి కొత్త రబ్బరు వేయించాము. వారానికి వెనక తలుపు పై అంచు నుంచి వచ్చింది. దానికి పట్టీ వేశాడు. అప్పుడు మళ్లీ టాపు మధ్యలో నుంచి.

చివరికి వరంగల్ రోడ్డు మీద డెంటింగ్ పనిచేసే ఒకన్న దగ్గరికి తీసుకుపోయాము. ఆ అన్న లోపలి గుడ్డ మొత్తం పీకేశాడు. పైన ఎర్రగా తుప్పు. స్క్రూడ్రైవర్ మొనతో మెల్లగా తట్టుకుంటూ పోయాడు. ఒక చోట మొన రేకులోంచి ఆకాశంలోకి పోయింది. ఇంకో చోట తట్టాడు. అక్కడా అంతే.

"అన్నా, గిది టాపు కాదు, జల్లెడ. బొక్కలల్ల లప్పం పెట్టి, మీదికెల్లి రంగు కొట్టి అమ్మిన్రు నీకు. కొనేటప్పుడు జర గోటితోని గీకి సూడకపోతివా?"

మా ఆయన ఇనుముతోనే బతికిన మనిషి. ఏ రేకు ఎంత మందమో వేళ్ల మధ్య పట్టుకుని చెప్పేవాడు. ఆ మాటకు ముఖమంతా నల్లబడిపోయింది.

"టాపు మొత్తం మార్చాలె. లేకపోతే గీ బండికి ఎంత జేసినా వేస్టు" అన్నాడు ఆ అన్న.

టాపు మార్చడం మా వల్ల కాదు. బండి తీసుకుని ఇంటికి వచ్చేశాము.

ఆ మరుసటి రోజు ఒక పని చేశాము. మిట్టమధ్యాహ్నం కిటికీలకు గోనెసంచులు కట్టి, ఇద్దరం లోపల కూర్చుని తలుపులు వేసుకున్నాము. చీకటి. కాసేపటికి పైన చిన్న చిన్న వెలుగు చుక్కలు కనిపించాయి. ఒకటి, రెండు, అయిదు, పది. ఆయన ఒక్కోదాని చుట్టూ సుద్దముక్కతో గీస్తుంటే నేను లెక్కపెట్టాను. ముప్పై దాటాక నాకెందుకో నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాను. ఆయన కూడా నవ్వాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక మేమిద్దరం కలిసి నవ్వింది అదొక్కసారే అనుకుంటాను. తర్వాత నవ్వు ఆగిపోయింది, ఆయన మళ్లీ సుద్దముక్క తీసుకున్నాడు.

నూనె డబ్బాల రేకులు కత్తిరించి తనే అతుకులు వేశాడు. తుప్పు గీకడం, రేకు పెట్టడం, రివిట్లు కొట్టడం, పైన డాంబరు. ఒక్కో రివిటుకు ఇంకో బొక్క పెట్టాల్సిందే. పాత రేకు ఆ దెబ్బకు పక్కన చిట్లేది. మళ్లీ దాని మీద ఇంకో అతుకు. పొద్దున కట్టలు వేసుకుని పోవడం, మధ్యాహ్నం టాపు ఎక్కడం. వాన వస్తే కట్టల మీద తాటిపత్రి కప్పేవాడు. అయినా నాలుగైదు పుస్తకాలు ఎప్పుడూ తడిసేవి. పక్కింటామె ఒకసారి నాతో అంది, "ఏందమ్మా, మీ ఆయనకు ఇంట్లకంటె బండి మీదనే ఎక్కువ పనున్నట్టున్నది."

శ్రావణంలో ముసురు పట్టింది. మూడు రోజులు ఆగకుండా కురిసింది. పీర్జాదిగూడ దగ్గర ఒక బడికి పెద్ద సరుకు పోవాలి. ఆ రోజు నేనూ ఆయనతో పోయాను, దించడానికి సాయం ఉంటుందని. ఉప్పల్ చౌరస్తా దాటాక రోడ్డు కనపడలేదు. చక్రాలు సగం నీళ్లలో మునిగాయి. ఆటోలు పక్కన ఆగిపోయాయి. మా ఇంజను మాత్రం ఒక్కసారి కూడా దగ్గలేదు.

నేను వెనక్కి తిరిగి టాపు వంక చూశాను. ఒక్క చుక్క లేదు. ఆయన ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి అతుకుల మీద తడిమి నాకు చూపించాడు. అరచెయ్యి పొడిగా ఉంది.

"సూసినవా? పట్టుకున్న. ఇగ ఏడికెల్లి వస్తది?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది, సంతోషానికి.

బడి గేటు లోపల వరండా పక్కన బండి ఆపాము. ఆయన వెనక తలుపు తీసి మొదటి వరుస కట్టలు నాకు అందించాడు. పొడిగా ఉన్నాయి. రెండో వరుస కూడా పొడే. అడుగు వరుస కట్టను ఎత్తితే కట్ట కిందిభాగం ఊడి నేల మీదే ఉండిపోయింది. తడిసి ముద్దయింది. అడుగు వరుస మొత్తం అంతే. వెనక చక్రాల మీది రేకు తుప్పుపట్టి చిల్లులు పడింది. రోడ్డు మీది నీళ్లను చక్రాలు ఎగజిమ్మితే కిందినుంచి లోపలికి వచ్చాయి.

పెద్ద టీచరమ్మ వరండాలోకి వచ్చి చూసింది. "ఇవి పిల్లలకు ఎట్ల ఇయ్యాలె? అన్నీ ఎత్తుకొని పోన్రి" అంది. కోపంగా కూడా అనలేదు.

ఆయన రబ్బరు చాప పక్కకు లాగి, నేల రేకు మీద బొటనవేలు పెట్టి నొక్కాడు. వేలు లోపలికి పోయింది. అట్లాగే వేలు తియ్యకుండా వానలో మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు.

"బావా, లే" అన్నాను.

లేవలేదు. పిల్లలు కిటికీల్లోంచి చూస్తున్నారు. నేనే పొడి కట్టలు కూడా తిరిగి లోపల పెట్టాను.

షెడ్డు పెద్దాయన మమ్మల్ని కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు. "నీ తప్పు గాదు బిడ్డా. నువ్వు మస్తు కష్టపడ్డవ్. కానీ పుస్తకం తడిస్తే బడివాళ్లు నన్ను అడుగుతరు" అన్నాడు. పని వేరేవాళ్లకు ఇచ్చానని చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగి, "పుస్తకాలకు కవర్లు అతికే కాడ ఒక మనిషి కావాలె. నువ్వు వస్తవా అమ్మా?" అని అడిగాడు. మా ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. నేను వస్తానన్నాను.

నేను పనికి పోవడం మొదలుపెట్టినా ఆయన బండి వదల్లేదు. దసరా దాకా నేల రేకులు కత్తిరిస్తూనే ఉన్నాడు. చేరవేయడానికి సరుకేమీ లేదు. ఒక సాయంత్రం ఉండబట్టలేక అడిగాను.

"ఎవరి కోసం బావా ఇదంతా?"

"ఎవరి కోసం లేదు. కారొద్దు, గంతే."

ఆ తర్వాత వచ్చిన వానకు నీళ్లు ముందు తలుపు కింది నుంచి వచ్చాయి. ఆయన చూసి తలుపు వేసేశాడు. ఆ రోజు నుంచి ముట్టుకోలేదు. తర్వాతి ఎండాకాలంలో పాత ఇనుము వాళ్లు వచ్చి ఇంటి ముందే కోసి, ముక్కలు ట్రాలీలో వేసుకుపోయారు. ఆయన ఆ పూట ఇంట్లో లేడు. ఎక్కడికి పోయాడని నేను అడగలేదు.

ఫ్యాక్టరీ మళ్లీ తెరవలేదు. ఆయన నాచారంలోనే ఒక గోదాముకు వాచ్‌మన్‌గా చేరి, గేటు దగ్గర కుర్చీలో పదకొండేళ్లు కూర్చున్నాడు. అక్కడికి వచ్చే లారీల్లో ఏదో ఒకటి అప్పుడప్పుడు మొరాయించేది. డ్రైవర్లు బానెట్ ఎత్తి, ఫిట్టరు పని తెలిసిన మనిషని ఎవరో చెబితే, వచ్చి ఆయన్ను పిలిచేవాళ్లట. "నాకు తెల్వదు" అనేవాడట. కుర్చీలోంచి లేచేవాడు కాదట.