మంట పుట్టిన చెయ్యి

కొత్త విత్తనం వచ్చిందంటే ఊళ్ళో అందరికంటే ముందు మా బావ వేసేవాడు. చిలకలూరిపేటకు ఇవతల మా అక్కవాళ్ళ ఊరు. నల్లరేగడి నేల, మిరప, పత్తి. విత్తనాల కంపెనీ మనిషి మోటారుసైకిల్‌కి సంచి తగిలించుకుని వస్తే, "ముందు ఆయన చేత వేయించండి, తర్వాత మేం చూద్దాం" అని రైతులు మా బావ ఇల్లు చూపించేవాళ్ళు. అందులో వెక్కిరింత ఉండేది. బావ దాన్ని పట్టించుకునేవాడు కాదు. కొత్తది వేసిన చేలోనే ఓ పక్కన కొన్ని సాళ్ళు పాత విత్తనం పెట్టేవాడు. నేల అదే, నీళ్ళూ ఎరువూ అవే కాబట్టి తేడా ఏదన్నా ఉంటే అక్కడే తేలుతుందని ఆయన లెక్క. కాపు బాగుంటే బాగుందనేవాడు, లేకపోతే కంపెనీ మనిషి ముఖం మీదే చెప్పేవాడు.

కరోనా వచ్చిన ఏడాది చలికాలంలో ఒకరోజు ఫోన్ చేశాడు. నేను అప్పటికి గుంటూరులో పత్రిక డెస్కులో పనిచేస్తున్నాను.

"ఏమోయ్ పేపరోడా, రేపు నా ఫొటో వెయ్యి. మీ గుంటూరొచ్చి కరోనా సూది వేయించుకుని పోతున్నా."

టీకా అప్పటికి ఇంకా బయటికి రాలేదు. ఒక ఆసుపత్రిలో దాన్ని మనుషుల మీద పరీక్షిస్తున్నారని, ఇష్టమైనవాళ్ళు రావచ్చని మిర్చి యార్డులో ఎవరో చెప్పారట. ఊళ్ళోనే ఉండే ఇద్దరు స్నేహితుల్ని కూడా వెంటబెట్టుకుని వెళ్ళాడు.

"నీకెందుకు బావా ఇవన్నీ?" అన్నాను.

"ఎవడో ఒకడు ముందు వెయ్యకపోతే విత్తనం మంచిదో కాదో ఎట్లా తెలుస్తుందోయ్? సగం మందికి అసలు మందంట, సగం మందికి ఉత్తదంట. ఎవరికేది పడిందో పొడిచే నర్సుకి కూడా తెలీదంట. మన పాత సాళ్ళ లాగానే."

"నువ్వు పాత సాల్లో పడితే?"

"పడితే పడతా. అది లేకపోతే కొత్తదాని సంగతి ఎవడికి తెలుస్తుంది?" అని నవ్వాడు.

ఈ సంగతంతా ఆసుపత్రివాళ్ళు ఆయన్ని కూర్చోబెట్టి చెప్పారు, ఆయనకు బాగానే అర్థమైంది. కానీ మర్నాటికల్లా చెయ్యి వాచింది.

మా వైపు మనుషులకు మంట మీద నమ్మకం ఎక్కువ. మిరపకాయను తుంచి నాలుక్కి తాకించి, మండితేనే కాయ అంటారు. కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరే ఆడవాళ్ళకు సాయంత్రానికి అరచేతులు నిప్పుల్లా ఉంటాయి. మజ్జిగలో చేతులు ముంచుకుని కూర్చుని, "ఈ ఏడు కాయ మంచిది" అనుకుంటారు. మందుల విషయంలోనూ అంతే. చురుక్కుమనని చుక్కలు కంట్లో వేయించుకోరు. నొప్పి పుట్టని సూది వేసిన డాక్టరు దగ్గరికి రెండోసారి వెళ్ళరు.

బావ చొక్కా చెయ్యి పైకి మడిచి బజార్లో కూర్చున్నాడట. వెంట వెళ్ళిన ఇద్దరికీ ఏమీ కాలేదు.

"మీకు నీళ్ళు పొడిచార్రా. నా చెయ్యి చూడండి, పండుమిరపకాయలా లేదూ!"

"ఒరేయ్, అది సూది కాదు. నిన్న మీ గొడ్లచావిట్లో కందిరీగ కుట్టి ఉంటుంది, చూసుకో."

పొరుగింటావిడ వచ్చి అక్కని అడిగింది. "మంట పుట్టిందా వదినా?"

"పుట్టకేం! పొద్దుట్నుంచీ మూలుగుతూనే ఉన్నారు."

"ఇంకేం మరి, అసలు మందు పడింది ఆయనకే."

అక్క వేడి గుడ్డతో కాపడం పెడుతూ తనూ ఆ మాటే అన్నది. రెండోసారి వేసినప్పుడు కూడా చెయ్యి వాచింది. ఇక ఊళ్ళో ఎవరికీ అనుమానం లేకపోయింది.

వేసవి మొదట్లో టీకా మామూలు జనానికి వచ్చింది. ముందు ముసలివాళ్ళకు, తర్వాత బావ వయసువాళ్ళకు వేయడం మొదలుపెట్టారు. అప్పుడు ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. బావ కల్లంలో కాయలు తిరగేస్తున్నాడు. ఫోన్ అక్క ఎత్తింది. పరీక్షలో ఆయనకు పడింది ఏదో ఇప్పుడు చెబుతామని, ఉత్తది పడి ఉంటే అసలు టీకా వేస్తామని, ఒకసారి రమ్మని ఆ అమ్మాయి చెప్పింది.

"మాకు పడిందమ్మా," అన్నదట అక్క. "చెయ్యి ఇంత లావున వాచింది. ఆ సూదేదో నీళ్ళు పడ్డవాళ్ళకి వెయ్యండి. మా ఊళ్ళో ముసలాళ్ళు టీకా దొరక్క తిరుగుతున్నారు."

"వాపును బట్టి చెప్పలేమండీ. ఒక్కసారి వచ్చి తెలుసుకుంటే మంచిది."

"కోతలమ్మా ఇప్పుడు. మా వంతు ఇంకెవరికన్నా ఇవ్వండి, పుణ్యం ఉంటుంది."

సాయంత్రం బావకు చెప్పింది. "మంచి పని చేశావు. మొలిచిన చేలో మళ్ళీ విత్తనం వేస్తామా?" అన్నాడు. ఆయన స్నేహితులిద్దరూ మాత్రం తమకు నీళ్ళే పడ్డాయని నమ్మి, గుంటూరు వెళ్ళి కనుక్కుని, అసలు టీకా వేయించుకొచ్చారు.

కొద్ది రోజులకే జబ్బు మళ్ళీ విరుచుకుపడింది. బావకు దగ్గు వచ్చింది. నేను ఫోన్ చేస్తే, "మిరప కల్లంలో దగ్గనివాణ్ణి ఒక్కణ్ణి చూపించవోయ్" అన్నాడు. నిజమే, కోతల కాలంలో ఆ ఊరు ఊరంతా దగ్గుతుంది. జ్వరం కూడా వచ్చింది. ఎండదెబ్బ అనుకున్నారు. ఇదీ ఆ జబ్బేనేమో అన్న అనుమానం ఇంట్లో ఎవరికీ రాలేదు. ఆయనకు పడింది గదా! ఆయాసం మొదలయ్యాకే కారెక్కించారు. గుంటూరులో మంచాలు దొరకని రోజులవి. తెలిసినవాళ్ళందరినీ బతిమాలి ఒక మంచం సంపాదించాను. లోపలికి ఎవరినీ రానివ్వలేదు. అక్కా నేనూ బయట వేపచెట్టు కింద కూర్చుని బావతో ఫోన్లో మాట్లాడేవాళ్ళం. చివరిసారి మాట్లాడినప్పుడు, "మబ్బు పడుతోందంటున్నారు, కాయల మీద పట్టా కప్పమని చెప్పు" అన్నాడు. అక్క ఊరికి ఫోన్ చేసి చెప్పింది. వాళ్ళు కప్పారు కూడా. వాన రాలేదు.

బావ ఇంటికి రాలేదు. కవర్లో చుట్టిన మనిషిని అక్క గేటు బయట నుంచే చూసింది.

కర్మకాండ అయిన తర్వాత ఆ అమ్మాయే మళ్ళీ ఫోన్ చేసింది. పరీక్షలో ఉన్నవాళ్ళ బాగోగులు అడగడం వాళ్ళ పని.

"సార్‌తో మాట్లాడొచ్చా అండీ?"

"లేరమ్మా."

"పొలం వెళ్ళారా? ఎప్పుడొస్తారండీ?"

అక్క ఫోన్ అలాగే చేత్తో పట్టుకుని నిలబడిపోయిందట. పక్కనున్న పొరుగింటావిడ తీసుకుని విషయం చెప్పింది. ఆ అమ్మాయి ఏడ్చిందని తర్వాత విన్నాను.

ఆ ఇంట్లో బావ తల్లి కూడా ఉంది. వచ్చినవాళ్ళందరితో ఆవిడ ఒకటే మాట చెప్పేది. "మా వాడికి అసలు మందే పడింది. అయినా దేవుడు తీసుకుపోయాడు, ఏం చేస్తాం." ఆ మాట చెప్పిన ప్రతిసారీ ఆవిడ ముఖంలో కాస్త తెరిపి కనిపించేది. అక్క మాత్రం లేచి అవతలికి వెళ్ళిపోయేది. పడి ఉంటే అది విధి. పడకపోయి ఉంటే, గుమ్మం దాకా వచ్చిన టీకాను వద్దన్నది తనే.

పత్తి గింజలు పెట్టడం అయ్యాక నాకు ఫోన్ చేసింది. "ఆసుపత్రికి తీసుకెళ్ళు తమ్ముడూ. ఏం పడిందో కనుక్కోవాలి."

"కనుక్కుని ఏం చేస్తావక్కా? మనిషి తిరిగి వస్తాడా?"

"రాడు. రాడని నాకూ తెలుసులే. నువ్వు తీసుకెళ్తావా, నన్నే వెళ్ళమంటావా?"

వెళ్ళాం. ఒక చిన్న గదిలో వయసులో బాగా చిన్నదైన డాక్టరమ్మ కంప్యూటర్ చూసి, కుర్చీ అక్క వైపు తిప్పుకుని కూర్చుంది. తొందరపడలేదు.

"ఆయనకు టీకా పడలేదండీ."

అక్క అడిగింది. "మరి చెయ్యెందుకు వాచిందమ్మా?"

"టీకాలో క్రిమిని చంపి వేస్తామండీ. అదొక్కటే వేస్తే ఒళ్ళు అంతగా పట్టించుకోదు. అందుకని అల్యూమినియంతో చేసిన ఒక పదార్థం కలుపుతాం. మన పటిక జాతిదే."

"నీళ్ళు తేర్చే పటికా?"

"దానికి చుట్టమనుకోండి. అది పడినచోట ఒంట్లోని కాపలా అంతా పోగవుతుంది. దానివల్ల కొందరికి వాపు, మంట వస్తాయి. ఉత్త సూదిలో క్రిమి ఉండదు గానీ ఇది ఉంటుంది. రెండు సూదులూ ఒకేలా ఉండాలండీ. లేకపోతే చెయ్యి చూసి, నాకిది పడింది, నీకది పడిందని చెప్పేసుకుంటారు."

"మేం అదే చేశామమ్మా," అన్నది అక్క.

డాక్టరమ్మ తల దించుకుంది. టీకా పడినా కొందరికి జబ్బు ముదిరిందని, ఇలా జరిగేది కాదని ఎవరూ ఖాయంగా చెప్పలేరని అన్నది. అది ఓదార్పు కోసం చెప్పిన మాట కాదు, నిజమే. అక్కకు అది వినిపించిందో లేదో నాకు తెలియదు.

"మేం వద్దన్న సూది ఎవరికన్నా వేశారా?"

"వేసే ఉంటారండీ. ఆ రోజుల్లో ఒక్కటి కూడా మిగల్లేదు."

"బతికారా వాళ్ళు?"

డాక్టరమ్మ లేచి మాతో గుమ్మం దాకా వచ్చింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. చిలకలూరిపేట దగ్గర పడేదాకా ఆగి, నెమ్మదిగా అన్నాను. "అత్తగారికి చెప్పబాకక్కా. అసలు మందు పడిందనే అనుకోనీ. ఆవిడకు మిగిలింది ఆ ఒక్క మాటే గదా."

అక్క కిటికీలోంచి పత్తి జిన్నింగు మిల్లుల వైపు చూస్తూ కూర్చుంది. "ఆయన ఆవిడ కొడుకు. ఆవిడకి తెలియాలి" అన్నది. అంతే.

మేం వెళ్ళేసరికి ముసలావిడ వరండాలో చేటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తకుండానే అడిగింది. "ఏమన్నారే?"

అక్క చెప్పులు విప్పి, ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఆయనకి టీకా పడలేదత్తయ్యా. ఉత్తదే పడింది. తర్వాత వాళ్ళు ఫోన్ చేసి, వచ్చి వేయించుకోమంటే, అక్కర్లేదని చెప్పింది నేనే."

పప్పులో ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"వాడికి తెలుసా?"

"తెలుసు. మంచి పని చేశావన్నారు."

ఆవిడ అక్క ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. చేట పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది. అక్క అక్కడే కూర్చుని, మిగిలిన పప్పు ఏరడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఆ ఇంటికి ఎవరు వచ్చినా ముసలావిడ కొడుకు మాట ఎత్తలేదు. పొద్దున్నే అక్క ఇచ్చిన కాఫీ గ్లాసు ముట్టుకోకుండా అలాగే ఉంచేదట. అక్క రోజూ పెడుతూనే ఉండేది, చల్లారిపోయాక తీస్తూనే ఉండేది. ఆవిడ మళ్ళీ ఎప్పుడు తాగడం మొదలుపెట్టిందో అక్క చెప్పలేదు, నేనూ అడగలేదు.