రెండు వేళ్ల మధ్య తీగ

జట్టులో ఆ అమ్మాయిని అందరూ రిపేరు అనే పిలిచేవాళ్లు. ఆ పేరు పెట్టింది కెప్టెన్. ఎవరి చేతిలో ఏది పాడైనా తెచ్చి ఆమె ముందు పడేసేవాళ్లు, ఆమె తిట్టుకుంటూ బాగుచేసేది. తిట్లు లోపలే ఉండిపోయేవి, పని మాత్రం బయటికి వచ్చేది.

ఇంజినీరింగ్ మూడో ఏడాదిలో వాళ్లకి జట్టు ప్రాజెక్టు అని ఒక సబ్జెక్టు. నలుగురేసి కలిసి ఒక యంత్రం తయారుచెయ్యాలి. కలిసి పనిచెయ్యడం ఎలాగో ఆ విశ్వవిద్యాలయంలో ఒక్క గంట కూడా ఎవరూ నేర్పరు. కలిసి చేశారా లేదా అని పరీక్ష మాత్రం పెడతారు.

ఆమె జట్టులో మాటలన్నీ కెప్టెన్‌వి. తెరమీద వేసే బొమ్మలూ రంగులూ స్లైడు అనే అమ్మాయివి. నాలుగోవాడు అతిథి. హాజరు వేళకి దర్శనమిచ్చి, కాఫీ వేళకి మాయమయ్యేవాడు. ఇక మిగిలిందంతా రిపేరుదే. మిగిలింది ఏమిటయ్యా అంటే, యంత్రం.

యంత్రం ఆలోచన కూడా ఆమెదే. వాళ్లమ్మ ఆసుపత్రిలో వార్డు ఆయా. రోగుల చంకల కింద చేతులు వేసి లేపి కూర్చోబెట్టీ కూర్చోబెట్టీ ఆ తల్లి నడుము అరిగిపోయింది. మీట నొక్కితే తల వైపు దానంతట అదే లేచే మంచాలు ఆ ఆసుపత్రిలో లేక కాదు. అవి పై అంతస్తు ప్రత్యేక గదుల్లో ఉంటాయి. జనరల్ వార్డు మంచాలకు ఆయాల నడుములే మోటార్లు. అందుకని పాత ఇనప మంచానికి కూడా కింద బిగించుకోగలిగిన చిన్న మోటారు, ఒక బ్యాటరీ, ఒక మీట తయారుచెయ్యాలనుకుంది.

"ఇంతకీ ఇది నా నడుం కోసమా, నీ మార్కుల కోసమా?" అని అడిగింది అమ్మ.

"రెండిటికీనే."

"అయితే ముందు మార్కులు చూసుకో. నా నడుం ఎక్కడికి పోతుంది, నాతోనే ఏడుస్తుంది."

మార్కుల పద్ధతి ఇదీ. యంత్రం పనిచేస్తే జట్టంతటికీ ఒకటే మార్కులు. అవిగాక, ప్రతి ఒక్కరూ రెండు నిమిషాలు తమ పని గురించి మాట్లాడాలి. అవి ఎవరివి వాళ్లవే. రెండిట్లో ఏ ఒక్కదాంట్లో సగం రాకపోయినా తప్పినట్టే. ఒక్క సబ్జెక్టు తప్పినా హాస్టల్ సీటు తీసేస్తారు. సీటు పోతే ఇక ఇల్లే గతి. ఇల్లంటే ఒకే గది. అందులో అమ్మ, అన్న, వదిన, వాళ్ల ఇద్దరు పిల్లలు. "నువ్వొస్తే మాకేం ఇబ్బంది లేదమ్మా, పడుకున్నాక పక్కకి తిరక్కపోతే చాలు" అని వదిన నవ్వేది. వదిన మంచిదే. గదే చిన్నది. ఆ గదిలో కూర్చుని చదివి గట్టెక్కడం తనవల్ల కాదని రిపేరుకి బాగా తెలుసు.

పని నలుగురూ పంచుకున్నట్టు చూపించాలి కదా, తీగలకు లగ్గులు వెయ్యడం అతిథి పేరు మీద రాశాడు కెప్టెన్. లగ్గంటే తీగ కొసకు తొడిగి, పట్టుకారుతో గట్టిగా నొక్కే చిన్న లోహపు తొడుగు. "చిన్నపనే కదా, వీడూ ఏదో చేశాడన్నట్టుంటుంది" అన్నాడు. అప్పటిదాకా ఎవరు ఏం చేసినా రిపేరు వెనకాలే వెళ్లి, చప్పుడు చెయ్యకుండా విప్పి మళ్లీ చేసేది. వాళ్లకి చెప్పేది కాదు. ఒకరికి నేర్పేలోపు తనే చేసెయ్యొచ్చు అనుకునేది. లగ్గుల దగ్గర మాత్రం ఆ వీలు దొరకలేదు. అమ్మ నడుము పట్టేసి మంచం మీంచి లేవలేకపోతోందని కబురొస్తే ఇంటికి పరిగెత్తింది.

తిరిగొచ్చేసరికి యంత్రం ప్రదర్శన హాల్లో ఉంది. హాల్లోకి చేరాక పనిముట్లు ముట్టకూడదని నిబంధన. అతిథి రోగి వేషంలో మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. "పుట్టి బుద్ధెరిగాక వీడికి తగిన పని ఇన్నాళ్లకి దొరికింది" అని స్లైడు గొణిగింది. రిపేరు మీట నొక్కింది. మంచం జానెడు లేచి ఆగిపోయింది. వెనక్కి వెళ్లి తడిమి చూస్తే ఒక తీగ లగ్గులోంచి ఊడి వస్తోంది. రెండు వేళ్లతో లోపలికి నొక్కి పట్టుకుంది. మంచం కదిలింది. వేళ్లు సడలిస్తే ఆగింది. సరిగ్గా అప్పుడే వాళ్ల జట్టును పిలిచారు.

ఇక చేసేదేముంది, మంచం వెనక మోకాళ్ల మీద కూర్చుండిపోయింది.

కెప్టెన్ అనర్గళంగా మాట్లాడాడు. "నేను గమనించిందేమిటంటే సార్, వార్డు ఆయాల నడుములు..." అంటూ మొదలుపెట్టాడు. తన తల్లి నడుము అతని నోట్లోంచి వినిపిస్తుంటే రిపేరుకి ఒళ్లు మండింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు తల పంకిస్తూ, "నాయకత్వమంటే ఇదీ" అన్నాడు. స్లైడు మాట్లాడింది. అతిథి పడుకునే "నాకు చాలా హాయిగా ఉందండీ" అని మొదలుపెట్టి హాలంతా నవ్వించాడు.

"నాలుగో అమ్మాయి ఏది?"

"ఇక్కడున్నానండీ."

"అక్కడేం చేస్తున్నావు? ముందుకొచ్చి మాట్లాడు."

"ఇక్కణ్నించే చెప్తానండీ."

"ఇదేమన్నా దాగుడుమూతలాటా? తెర పక్కకి రా!"

అతిథి మీట నొక్కుతుంటే మంచం లేస్తూ దిగుతూనే ఉంది. లేచి వెళితే ఆగిపోతుంది. వెళ్లకపోతే తన మార్కులు పోతాయి. ఎందుకు రాలేకపోతోందో చెప్పినా యంత్రం ఉత్తదని తేలిపోతుంది. కెప్టెన్ వైపు చూసింది.

"తనకి స్టేజీ భయం సార్" అన్నాడు కెప్టెన్.

పరీక్షకుడు ఏదో రాసుకున్నాడు. రిపేరు వేళ్లు వదల్లేదు.

వరండాలోకి రాగానే అడిగింది, "భయమని ఎవడు చెప్పమన్నాడు నిన్ను?"

"జాలిపడి సగమైనా వేస్తాడనుకున్నానే."

"వేశాడా?"

"సున్నా. కాగితం మీద చూశాను" అన్నాడు నేల చూపులు చూస్తూ. "కానీ ఇప్పుడెళ్లి తీగ సంగతి చెప్పకు. నలుగురం మునుగుతాం. జట్టులో మాట జట్టులోనే ఉండాలి, మన బ్యాచ్‌లో ఎవరూ ఎవరి గురించీ చెప్పరు."

"గట్టిగానే నొక్కానే" అన్నాడు అతిథి, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు.

చెప్పకపోవడమే స్నేహమని వాళ్లు నమ్ముతారు. ఆ స్నేహం బరువు ఎప్పుడూ ఒకరి నెత్తినే ఎందుకు పడుతుందో ఎవరూ అడగరు. రిపేరు తిన్నగా మేడం గదికి వెళ్లింది.

ఆ సబ్జెక్టు చూసే మేడం ఒప్పందం మీద పనిచేసే మనిషి. ఏటేటా ఆమెకీ ఎవరో మార్కులు వేస్తే తప్ప కుర్చీ మిగలదు. రిపేరు ఆమెను యంత్రం దగ్గరికి తీసుకెళ్లి, తీగ పట్టుకుని చూపించింది, వదిలి చూపించింది.

మేడం వంగి ఆ తీగను తనూ ఒకసారి లాగి చూసింది. తర్వాత మెల్లగా అంది. "తీగ పట్టుకున్నందుకు మార్కులేసే గడి నా దగ్గర లేదమ్మా. యంత్రం పనిచెయ్యలేదని ఒప్పుకుంటే ఇంకోసారి ప్రదర్శన పెడతారు. అప్పుడు ఎంత బాగా చేసినా సగానికి మించి వెయ్యరు. ఏ చిన్నది తేడా వచ్చినా నలుగురూ పోతారు. ఒప్పుకోకపోతే నువ్వొక్కదానివే."

"నేనొక్కదాన్నే పోతే వాళ్లకి బాగుంటుంది మేడం. నాకు బాగుండదు. ఒప్పుకుంటున్నాను, రాసుకోండి."

"ఇంకొకటి. లగ్గులు అతని పని అని రాసిచ్చారు. ఈసారి నిజంగా అతనే వెయ్యాలి. నువ్వు ముట్టుకోకూడదు."

తప్పించుకున్నాననుకున్న ఉచ్చు ఇంకో చోట బిగుసుకుంది. తన హాస్టల్ సీటు ఇప్పుడు అతిథి గుప్పిట్లో ఉంది.

కెప్టెన్ ఒంటికాలి మీద లేచి, తర్వాత మాట్లాడ్డం మానేశాడు. అతిథి మాత్రం వచ్చాడు. రిపేరు బల్ల ముందు తన చేతుల్ని తనే తొడల కింద పెట్టుకుని కూర్చుంది. వాడు తీగ కొస చెక్కాడు, తొడుగు వేశాడు, పట్టుకారు నొక్కాడు.

"లాగి చూడు" అంది.

ఊడి వచ్చింది.

"మళ్లీ."

మళ్లీ ఊడింది. పట్టుకారు లాక్కుని చేసేద్దామని చేతులు గింజుకున్నాయి. ఇంకా గట్టిగా అదిమి పెట్టుకుంది.

"దీంట్లో ఇంత ఉందని ఎవరైనా చెప్పారా నాకు?" అన్నాడు చెమట తుడుచుకుంటూ.

"చెప్పలేదు" అంది రిపేరు. "నేనే చెప్పలేదు."

స్లైడు కూడా పక్కన చేరింది. "నాకూ ఒకటి ఇవ్వవే, చూద్దాం." ఆ పూట బల్లంతా పాడైన లగ్గులతో నిండిపోయింది. చివరికి ఒకటి ఎంత లాగినా రాలేదు. అతిథి దాన్ని వదలకుండా చాలాసేపు లాగుతూనే కూర్చున్నాడు.

రెండో ప్రదర్శన రోజున రిపేరు తెర పక్కన నిలబడింది. మంచం వెనక ఎవరూ లేరు. వాళ్లమ్మ నడుము గురించి ఈసారి ఆమే చెప్పింది. నోరు మాట్లాడుతోంది గానీ ప్రాణమంతా వెనక మోటారు చప్పుడు మీదే ఉంది. మంచం లేచింది. దిగింది. ఎక్కడా ఆగలేదు.

సగం వేశారు, సగమే. హాస్టల్ సీటు వచ్చే పరీక్షలదాకా నిలిచింది. "నాకు సగం మార్కులేంటి" అని కెప్టెన్ గొణుగుతూనే ఉన్నాడు.

హాల్లోంచి బయటికి వస్తూ స్లైడు ఆమె చెయ్యి చూసి ఆగింది. "ఇంకా ఏం పట్టుకున్నావే?"

రిపేరు చూసుకుంది. బొటనవేలూ చూపుడువేలూ తెల్లబడేంత గట్టిగా ఒకదాన్నొకటి నొక్కుకుని ఉన్నాయి. విడదీద్దామంటే వెంటనే రాలేదు.