ముంచిన తర్వాత ముట్టొద్దు

నాంపల్లి స్టేషన్లో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. ప్లాట్‌ఫారం సెగ బూటు అడుగు దాటి అరికాలికి తగిలింది. భుజాన కిట్ సంచి, నడుముకు నీళ్ల సీసా, జేబులో పోస్టింగ్ ఆర్డర్. బర్మా వైపు యుద్ధం నడుస్తున్న రోజులు. మా బ్యాచ్ అంతా తూర్పుకు వెళ్లింది. నన్ను మాత్రం పట్టాల పక్కన, అబిడ్స్‌కు పోయే దారిలో ఉన్న రేకుల షెడ్డుకు పంపారు. మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేశానని భర్తీ రోజున గొప్పగా చెప్పుకున్నందుకు దక్కిన ఫలితం అది.

ఏ మోర్చాలో కొట్లాడావని ఊళ్లో ఇప్పటికీ అడుగుతారు. నాంపల్లి మోర్చాలో అంటాను. నవ్వుతారు. నవ్వుకోండి. ఆ ఎండాకాలం మా షెడ్డులో ఒక్క పూట నిలబడి చూసి, ఆ తర్వాత నవ్వండి.

మా పని ఫౌజు లారీల గేర్ పెట్టెలు. అల్యూమినియం కరిగించి అచ్చుల్లో పోసినవి పక్క షెడ్డు నుంచి వచ్చేవి. అచ్చులోంచి తీసిన పెట్టెకు బలం చాలదు. పెద్ద పొయ్యిలో, కరగడానికి కాస్త ముందు దాకా వేడెక్కించి, పూటంతా అలాగే ఉంచాలి. బయటికి తీసిన మరుక్షణం నీళ్లలో ముంచాలి. అవీ మరగబోతున్న నీళ్లు. ఆ తర్వాత చిన్న పొయ్యిలో సన్న సెగ మీద ఇంకో పూట. రెండు పొయ్యిలకూ సూది ఉన్న మీటర్లు. సూది ఎర్ర గీత దాటకూడదు, కిందికి జారకూడదు. బొగ్గు వేస్తూ ఆ సూదిని కాపలా కాయడమే నా డ్యూటీ. నీళ్ల తొట్టి పైన గోడ మీద షెడ్డు అధికారి కెప్టెన్ సాబ్ హుకుం సున్నంతో రాసి ఉండేది: ముంచిన తర్వాత ముట్టొద్దు.

మా పైన హవల్దార్. కరీంనగర్ వైపు కమ్మరి. కొడవళ్లకూ గొడ్డళ్లకూ పదును పెట్టి పెట్టి కాయలు కాసిన చేతులు. ఏది కాల్చి ముంచినా వెంటనే ఆకురాయితో గీకి చూడటం ఆయన అలవాటు. ఆకురాయి జారితే గట్టిపడినట్టు, కొరికితే పని చెడినట్టు. ఇనుము విషయంలో అది నిజమే.

సోమవారం ఒక డ్రైవర్ వచ్చాడు. నల్లగొండ మనిషి. కాన్వాయ్ లారీలు శుక్రవారం రైలెక్కాలి. అన్నిటికీ కొత్త పెట్టెలు బిగించాలి.

"పాత పెట్టె కొండ ఘాటు మీద పలిగింది. బండి ఎనకకు జారింది. నా క్లీనర్ లోయల పడి సచ్చిపోయిండు," అన్నాడు. "గిది గూడ పలిగితే నేనుండ, హవల్దార్ సాబ్."

హవల్దార్ చొక్కా చేతులు పైకి మడిచాడు.

మొదటి విడత ముంచగానే ఆయన చెయ్యి ఊరుకోలేదు. ఆకురాయి పెట్టి గీకాడు. లోహం మెత్తగా లేచి, జిగురులా ఆకురాయి పళ్లలో ఇరుక్కుంది.

"ఏంది గిది, మైనం లెక్కున్నది," అన్నాడు.

"ముట్టొద్దని రాసిండ్రు గద, సాబ్," అన్నాను.

"రాసినాయిన ఎన్నడన్న కొడవలి కాల్చిండా? మంట పెంచు. అబిడ్స్‌ల మంచుగడ్డ దొరుకుతది, పట్టుకరా."

హవల్దార్ మాట కాదనే ధైర్యం నాకు లేదు. సూది ఎర్ర గీత దాటింది. పెట్టెలను మళ్లీ కాల్చి మంచునీళ్లలో దించాం. టప్, టప్. బోల్టు రంధ్రం నుంచి బోల్టు రంధ్రానికి బీటలు. ఒక్కటీ మిగల్లేదు. డ్రైవర్ వచ్చి ఒక బీట మీద వేలు పెట్టి చూశాడు. బయటికి వెళ్లిపోయాడు. ఆ క్షణం ఆయన తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

కెప్టెన్ సాబ్ కేకలు వేయలేదు. ఉర్దూలో నెమ్మదిగా చెప్పాడు: ఇనుము ముంచగానే గట్టిపడుతుంది, ఇది ముంచినప్పుడు మెత్తగా ఉండి సన్న సెగలో గట్టిపడుతుంది. ముక్కలను కరిగించి మళ్లీ పోయించాడు. శుక్రవారానికి ఇక ఒక్క విడతకే వ్యవధి ఉంది.

గురువారం పొయ్యి అంటించే ముందు హవల్దార్ డ్రైవర్‌ను పిలిచి ఆకురాయి ఆయన చేతిలో పెట్టాడు.

"నీ దగ్గర పెట్టుకో. నేను అడిగినా ఇయ్యకు."

హుకుం ప్రకారం కాల్చాం. మరగబోతున్న నీళ్లలో ముంచాం. చిన్న పొయ్యిలో పెట్టాం. హవల్దార్ దాని ఎదుట స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వేళ్లు మోకాళ్ల మీద ఊరికే ఆడుతున్నాయి. బొగ్గు నాసిరకం. సూది జారబోయినప్పుడల్లా నేను రెండు చేతులా మంచి గడ్డలు ఏరి వేశాను. నా కనుబొమ్మలు మాడిపోయాయి.

"జర ఇయ్యి. ఒక్కపారి గీకి చూస్త," అన్నాడు హవల్దార్.

"ఇయ్య," అన్నాడు డ్రైవర్.

శుక్రవారం పొద్దున పెట్టెలు బయటికి తీశాం. చల్లారీ చల్లారకముందే మిస్త్రీలు ఎత్తుకుపోయి బిగించారు. లారీలు వ్యాగన్ల మీదికెక్కాయి. ఆకురాయి డ్రైవర్ దగ్గరే ఉండిపోయింది. హవల్దార్ ప్లాట్‌ఫారం వెంట పరుగెత్తి చెయ్యి చాపాడు. డ్రైవర్ దాన్ని పైకెత్తి చూపించాడు.

"వాపస్ అచ్చినంక ఇస్త," అన్నాడు.

ఆ తర్వాత మేం చాలా పెట్టెలు చేశాం. అన్నీ హుకుం ప్రకారమే. ఒక్కటీ పగిలిందని కబురు రాలేదు. కానీ ఆ లారీల కబురే రాలేదు. తూర్పు నుంచి రైలు వస్తే చాలు, హవల్దార్ పని ఆపి స్టేషన్ వైపు చూసేవాడు. నాకు భయంగా ఉండేది. ఆ సూదిని కాసింది నేనే కదా.

యుద్ధం ముగిసింది. నాకు డిశ్చార్జి కాగితాలు వచ్చిన వారంలోనే షెడ్డు ముందు ఒక లారీ ఆగింది. రంగు పోయి, మడ్గార్డు ఊడి ఉంది. దిగిన మనిషి మలేరియాతో సగమయ్యాడు. నవ్వాక గుర్తుపట్టాం. తుప్పుపట్టిన ఆకురాయిని హవల్దార్ చేతికిచ్చాడు.

"గిప్పుడు గీకు, సాబ్. అదే పెట్టె."

హవల్దార్ లారీ కిందికి దూరాడు. నేనూ దూరాను. పెట్టె మీద గడ్డకట్టిన బురదను గోటితో గీరి, ఒక మూల ఆకురాయి ఆడించాడు. ఈసారి పళ్లలో ఏమీ ఇరుక్కోలేదు. గట్టిపడిన లోహం పొడిలా రాలింది.

మర్నాడు రైలెక్కి ఊరికి వచ్చేశాను. మళ్లీ ఏ పొయ్యి దగ్గరికీ పోలేదు, సేద్యం చేసుకున్నాను. అయినా కళ్లు మూసుకుంటే ఆ లారీ కిందే ఉంటాను. వెల్లకిలా పడుకున్న హవల్దార్, పైకి చాచిన నల్లటి అరచెయ్యి, అందులోకి మెరుస్తూ రాలుతున్న తెల్లటి పొడి.