ఆముదం అంటని కుడిచెయ్యి

ఇవాళ పొద్దున ఫోను మోగింది. ఆముదం చేతులతో ఎంత నొక్కినా తెర కదల్లేదు. పమిటచెంగుకి తుడుచుకునేలోపు ఆగిపోయింది. ఎవరు చేశారో ఏమో గానీ, నాకు మాత్రం మా అన్నయ్య కూతురు గుర్తొచ్చి ఆ తర్వాత పని సాగలేదు.

మా పలాస వైపు జీడిగింజలు కొట్టాలంటే ముందు చేతులకి ఆముదం రాసుకోవాలి. లేకపోతే పెంకులోని జీడి అంటి చర్మం ఊడిపోతుంది. కరోనా ఏడు యూనివర్సిటీ హాస్టల్ మూసేస్తే నా మేనకోడలు పెట్టేబేడా సర్దుకుని ఊరొచ్చేసింది. ఎమ్మెస్సీ చదువుతోంది అప్పటికి. టెక్కలి కాలేజీలో పాఠాలు చెప్పాలని దాని ఆశ. పాఠాలన్నీ ఫోనులోనే. వాళ్లింట్లో సిగ్నల్ అందదు, మా వసారాలో ఓ మూల అందుతుంది. నేను గింజలు కొట్టే చోటూ అదే. "ఊరికే కూకోడమేటి అత్తా, నేనూ కొడతాను" అని పీట లాక్కుంది. గింజ పట్టుకునే ఎడంచేతికి ఆముదం రాసుకుని, కుడిచెయ్యి మాత్రం పొడిగా ఉంచుకుంది. మేష్టారు హాజరు పిలిస్తే ఫోను నొక్కాలి కదా! అందుకని చెక్కసుత్తితో కొట్టడం దానిది, పెంకులోంచి పప్పు తీయడం నాది. "రానీగోరి కుడిసెయ్యి కందిపోద్దేటి!" అని ఏడిపించేదాన్ని. నవ్వి ఊరుకునేది. పాఠం మధ్యలో ఆపి మేష్టార్ని ప్రశ్నలడిగేది. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు, అయినా ఎంత మురిసిపోయేదాన్నో! మా ఇంటావంటా లేని చదువది.

రానురాను ప్రశ్నలు తగ్గాయి. అటువైపు మేష్టారొక్కరే మాట్లాడుకునేవారు పాపం, పిల్లలెవరూ పలికేవారు కారు. "వినిపిస్తోందా?" అని అడిగి అడిగి ఆయనే ఊరుకునేవారు. ఇది హాజరు పలికేసి ఫోను బోర్లా పెట్టేసేది. "ఏటే అమ్మీ, పాఠం ఇనవా?" అంటే, "ఎవుల కోసం అత్తా? ఎవులూ ఇనట్నేదు" అంది. ఓ రోజు చూద్దును కదా, రెండు చేతులకీ ఆముదం! కొట్టడమూ తనే, పప్పు తీయడమూ తనే, అదీ నాకన్నా జోరుగా. పనిమంతురాలని మెచ్చుకోవలసింది పోయి దాని ఫోను ఎక్కడుందా అని చూశాను.

కాలేజీలు తెరిచినా ఇది వెళ్లలేదు. ఓ మధ్యాహ్నం దాని ఫోను మోగింది. తెరమీద మేష్టారి పేరు. "ఎత్తవే!" అన్నాను.

"సేతులు కాళీ నేవు అత్తా" అంది, సుత్తి ఆపకుండా. మోగి మోగి ఆగింది. పక్కనే గుడ్డ ఉంది, చేతులు తుడుచుకోవచ్చు. తుడుచుకోలేదు.

ఇప్పుడది ఇక్కడే ఓ జీడిషెడ్డులో ఆడవాళ్ల మీద మేస్త్రీ. నవ్వుతూనే తిరుగుతుంది. దాన్ని చూస్తే ఏడుపొచ్చేది నాకే. జీడిమరకైనా కొన్నాళ్లకి చర్మంతో పాటు ఊడిపోతుంది గానీ, ఆ కరోనా కాలం మాత్రం దాని కుడిచేతిని ఇంకా వదల్లేదు.