మేస్త్రీ మడమలు

ఆ మేస్త్రీ మడమలంటే నాకిప్పటికీ అసూయ.

పంతొమ్మిదొందల యాభైల్లో చోడవరం దగ్గర రాతి క్వారీలో నేను ఓవర్సీర్ని, ఆయన రాళ్లు పేర్చే మేస్త్రీ. క్వారీ నుంచి వాననీళ్లు బయటపడే కాలువ చివర నేల కోసుకుపోయి, కింద రైతుల చెరకు మళ్లు పాడవుతుండేవి. నేను ప్లాను గీసి, అక్కడ సిమెంటుతో నున్నటి గచ్చు చేయించేను. మొదటి వానకే గచ్చు దాటాక మనిషి లోతు గొయ్యి పడింది.

మేస్త్రీ చెప్పులు విప్పి ఆ నీళ్లలో దిగేడు. ఎక్కడికెళ్లినా ఆయన పద్ధతదే. కళ్లు మూసుకుని, మడమల కింద ఇసక ఎటు జారుతోందో చూసుకునేవాడు.

"నున్నగుంటే నీరు పరిగెడతాది బాబూ. గతుకులుంటే నడిసెల్తాది. మీరూ దిగండి, తెలుస్తాది."

బూట్లు తడుస్తాయన్నాను.

గచ్చు పగలగొట్టించి, మొరటు రాళ్లు ఎగుడుదిగుడుగా పరిచేడు. తుఫానుకి కూడా ఒక్క రాయి కదల్లేదు. రైతులు నా ఎదటే ఆయనకి దండం పెట్టేరు. నాకు ఒళ్లు మండింది. ఆ రాళ్ల వరసనే కాగితం మీద గీసి, కింద నా సంతకం పెట్టేసేను. ప్రమోషను నాకొచ్చింది.

తరవాత ఎన్నో కాలువల దగ్గర, ఎవరూ లేనప్పుడు, బూట్లు విప్పి దిగేను. ఇసక జారడం నాకూ తెలుస్తుంది. రాయి ఎక్కడ పెట్టాలో మాత్రం ఏనాడూ తెలీలేదు.