మ్యాట్ మీద ఎడమచేతి అచ్చు

రెండువేల ఇరవై రెండు, వానలు మొదలైన నెల. జనగామలో ఆడపిల్లలు ఉండి జిమ్నాస్టిక్స్ నేర్చుకునే హాస్టల్లో నేను ఆయమ్మను. మా ఇంటాయన చనిపోయిన ఏడాదే ఆ పనిలో చేరాను. పొద్దున్నే హాలు ఊడవడం, మ్యాట్లు పరచడం, పిల్లలకు అన్నం వడ్డించడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం నా పని. నాకు సంతకం తప్ప రాయడం రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. నా తప్పు దగ్గర మెత్తగా రాయొద్దని ముందే చెప్పాను.

ఆ వానల నెలలోనే కురవి దగ్గరి తండా నుంచి అనిత వచ్చింది. తొమ్మిదేళ్లు. తొలిరోజు పొద్దున ఉప్మా పెడితే ఎడమచేత్తో తినబోయింది. ఆ చేతి మీద ఒక్కటి వేశాను.

"గా చెయ్యి దేనికో ఎర్కలేదా? అందరు నవ్వుతరు. కుడిచేత్తోటి తిను."

"మా యాడి ఏమనదవ్వా," అంది. వాళ్ల భాషలో యాడి అంటే అమ్మ.

"మీ యాడి అనకపోతే నేనంట."

ఆ గంటకే హాల్లో కోచ్ సారు కొత్త పిల్లలతో కార్ట్‌వీల్ వేయించారు. చేతులు నేలకు ఆనించి బండిచక్రంలా పక్కకు తిరగడమే అది. ఏ చెయ్యి ముందు ఆనుతుందో చూసి, పిల్లది కుడివాటమో ఎడమవాటమో సారు రాసుకుంటారు. ఆ తర్వాత నేర్పే ప్రతి తిరుగుడూ ఆ వైపుకే. అనిత నావైపు ఒకసారి చూసి, కుడిచెయ్యి ముందు పెట్టింది. సారు అదే రాసుకున్నారు.

మ్యాట్లు తుడిచేదానికి కొన్ని సంగతులు కనపడతాయి. చేతులు జారకుండా పిల్లలు తెల్లటి చాక్ పొడి రాసుకుంటారు. ఎవరి చెయ్యి ఎక్కడ పడిందో మ్యాట్ మీద అచ్చు ఉంటుంది. సారు ముందు వేస్తే అనితది కుడి అచ్చు ముందుండేది. సారు టీ తాగడానికి పోయినప్పుడు తనంతట తాను వేస్తే ఎడమది ముందుండేది. అప్పుడు ఆ పిల్ల దూదిలా లేచి దిగేది. కుడివైపు వేసేటప్పుడు మాత్రం చెయ్యి ఆనే ముందు రెప్పపాటు ఆగేది. నేను చూశాను. చూసి, తడిగుడ్డతో తుడిచేశాను.

ఒకరోజు సారే అడిగారు. "ఆయమ్మా, గీ పిల్ల అన్నం ఏ చేత్తోటి తింటది? చెయ్యి పెట్టేకాడ జంకుతున్నది. ఎందుకో సమజైతలేదు."

"కుడిచేత్తోనే సారు," అన్నాను. అబద్ధం కాదు. నేనే మార్చానని లోపల గొప్పగా కూడా ఉండింది. ఎట్లా మార్చానో మాత్రం చెప్పలేదు.

మరుసటేడు భూపాలపల్లిలో పోటీలు. గెలిస్తే రాష్ట్ర జట్టు ఎంపికకు పిలుస్తారు. వాళ్ల యాడి మిరపచేలో కూలి పని మానుకుని వచ్చింది. పిల్లల వెంట నన్నూ పంపారు. జడ వేస్తుంటే అనిత మెల్లగా అడిగింది.

"అవ్వా, గీ ఒక్కసారి ఎడమతోటి ఏస్తే సారు తిడ్తడా?"

"మంచి పనికి పోతూ ఎడమేందే? నేర్చుకున్నట్టే ఎయ్యి."

తలూపింది. పేరు పిలవగానే మ్యాట్ మీద పరుగెత్తింది. చివరి అడుగులో ఒళ్లు ఎడమకు లాగింది. ఆ పిల్ల కుడికి తిప్పుకోబోయింది. ఏ చెయ్యీ సరిగ్గా ఆనలేదు. ఎడమ మోచెయ్యి మీద ఒళ్లంతా పడింది. ఆ చప్పుడు నేను కూర్చున్న చోటికి వినిపించింది.

దవాఖానలో వాళ్ల యాడి బిడ్డ తల నిమురుతూ అంది. "గింతప్పటి సంది గా చేత్తోనే చెట్టెక్కేది, నీళ్లు తోడేది. మీకు ఎర్కలేదా సారు?"

సారు నావైపు చూశారు. అప్పుడు అన్నీ చెప్పాను. ఉప్మా, దెబ్బ, అచ్చులు. ఆయన కోప్పడలేదు.

"నాకు జర చెప్తే గా దినమే మార్చేటోన్ని గదా, ఆయమ్మా," అని తల పట్టుకుని కూర్చున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

మా ఇంటాయన పోయాక, పొద్దున్నే నేను ఎదురైతే ఇరుగుపొరుగు ఆగి వెనక్కి తిరిగేవాళ్లు. దానికి ఎంత ఏడ్చానో నాకు తెలుసు. శకునం మంచిది కాదని జనం నన్ను తోసిన మూలకే, ఆ పిల్ల చేతిని నేను తోశాను.

ఇప్పుడు కొత్త పిల్ల వస్తే పళ్లెం ముందు పెట్టి, ఏ చెయ్యి లేస్తుందో చూస్తాను. నోరెత్తను. పోయి సారుకు చెబుతాను. మ్యాట్ మీది అచ్చులు సారు చూశాకే తుడుస్తాను.

మొన్న ఎండాకాలం అనిత వాళ్ల తండాకు పోయాను. ఇప్పుడు పన్నెండేళ్లది. ఎముక అతికింది గానీ ఎడమ మోచెయ్యి పూర్తిగా వంగదు, చెయ్యి నోటిదాకా రాదు. ఆట మానేసింది. వాళ్ల యాడి మా ఇద్దరికీ ఒకేచోట అన్నం పెట్టింది. నేను పళ్లెం ముట్టకుండా ఆ మోచెయ్యినే చూస్తున్నాను.

"తినవ్వా, సల్లారిపోతది," అని నవ్వింది అనిత.

నేను నేర్పినట్టే, కుడిచేత్తో తింటోంది.