తెలుగు అక్షరాల్లో రాసుకున్న తాగుడు పాట

మందు అమ్మని గల్ఫ్ దేశంలో కూర్చుని తాగుడు పాట సాధన చేసిన బ్యాండు మాది. శుక్రవారం పొద్దున్నే అబ్బాసియాలో మా ఫ్లాటు హాల్లో ముగ్గురం చేరేవాళ్ళం. నాది గిటారు. మా ఆఫీసులో పనిచేసే మలయాళీ ఒకతను కిందింటివాళ్ళకి జడిసి డ్రమ్స్ బదులు ప్లాస్టిక్ బకెట్ వాయించేవాడు. పాడేది మాత్రం కడప వైపు నుంచి వచ్చిన డ్రైవరు. ఇవాళ అతనికి చూపు లేదు. అందులో నా పాపం ఎంతో ఎవరికీ చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను.

ఆ పాట అమెరికా దక్షిణ రాష్ట్రాల రాక్ బ్యాండు ఒకటి ఎప్పుడో పాడింది. ఆడమనిషి వదిలేసి పోతుంది, మగవాడు బారులో కూర్చుని తాగుతాడు. కథ అంతే, ఏడిచేదంతా గిటార్లే. సబ్హాన్‌లో ఒక గోడౌన్ కంపెనీలో అతను బండి తోలే రోజుల్లో అక్కడి అమెరికన్ ఫోర్‌మన్ దారిపొడవునా అదే పెట్టించుకునేవాడట. మనవాడికి ఇంగ్లీషు రాదు. విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో నోటుపుస్తకంలో రాసుకున్నాడు. చిన్నప్పటి నుంచీ కాన్వెంటులో చదివిన నాకు పట్టుబడని యాస అతని గొంతులో ఇట్టే పలికేది. నాకు అసూయగా ఉండేది, దాచడమెందుకు.

"అన్నా, ఇంతకీ ఈ పాటలో ఏముండాది?" అని ఒకరోజు అడిగాడు. ఒక్కో ముక్కా విడమరిచి చెప్పాను. చివరిదాకా విని, "ఇది నా కతే గదన్నా" అన్నాడు. భార్య అలిగి పుట్టింటికి పోయిందనీ, నెల రోజులుగా ఫోన్ ఎత్తడం లేదనీ అప్పుడే తెలిసింది నాకు.

ఆ తర్వాత అతను పాడుతుంటే మేం వాయించడం మర్చిపోయేవాళ్ళం. నోటి దగ్గర మందు వాసన మాత్రం వచ్చేది. నీళ్ళ సీసాల్లో పోసి చాటుగా అమ్మే దొంగ సరుకు అది. తెలిసీ నేను ఆపలేదు. "ఇప్పుడొచ్చిందిరా పాటకి ప్రాణం" అని నవ్వాను కూడా. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పు దొరికిందని సంబరపడ్డవాడి కథ చిన్నప్పటి నుంచీ వింటున్నాను. వాడు నేనే అవుతానని ఎప్పుడూ అనుకోలేదు.

ఆ శుక్రవారం వస్తూనే బాత్రూంలోకి పోయి కక్కుకున్నాడు. రాత్రి తాగింది ఇంకా దిగలేదనుకున్నాం. కడుపు పట్టుకుని సోఫాలో పడుకుని, "బయట దుమ్ము లేసినట్టుండాదే అన్నా. అంతా తెల్లగా కనపడతాండాది" అన్నాడు. కిటికీ బయట ఎండ పేలిపోతోంది. గాలి లేదు, దుమ్ము లేదు. దొంగ సరుకులో కల్తీ ఉంటే కళ్ళు పోతాయని నేను వినే ఉన్నాను. అయినా "ఎక్కువైందిలే, పడుకో" అన్నాను.

ఆస్పత్రికి తీసుకెళ్దామని మలయాళీ అన్నాడు. నేనే వద్దన్నాను. తాగిన మనిషిని అక్కడికి తీసుకెళితే పోలీసులొస్తారు, ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కార్డు రద్దు చేస్తారు, వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కిస్తారు. ఇక్కడ మనవాళ్ళలో అందరికీ ఉండే భయమే. అతని కోసమే భయపడ్డానని చాలాకాలం నన్ను నేను నమ్మించుకున్నాను. అబద్ధం. ఎవరి ఫ్లాటులో పడిపోయాడని అడుగుతారని నా భయం. నా ఉద్యోగం, నా పెళ్ళాంబిడ్డల వీసాలు కళ్ళముందు కదిలాయి. మజ్జిగలో నిమ్మకాయ పిండి, ఉప్పేసి తాగించాను. అతను నాకు దండం పెట్టి మరీ తాగాడు.

మధ్యాహ్నం ఒకసారి, మూడింటికి ఒకసారి మలయాళీ మళ్ళీ అడిగాడు. కాసేపు చూద్దామన్నాను. అయిదింటికి ఎగశ్వాస మొదలయ్యాక టాక్సీలో వేసుకుని పరిగెత్తాం.

ప్రాణం దక్కింది. ఎప్పటినుంచి ఇలా ఉందని డాక్టరు అడిగితే "గంటయింది" అన్నాను. ఆయన నా మొహంలోకి ఒక్క క్షణం చూశాడు. "పొద్దున్నే తెచ్చి ఉంటే చూపు మిగిలేదేమో" అన్నాడు.

అతన్ని ఇండియా పంపించేశారు. నా జోలికి ఎవరూ రాలేదు. ఈ సంగతి తలుచుకున్న ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. గిటారు అమ్మేశాను, దానివల్ల ఒరిగిందేమీ లేదు.

కళ్ళు పోయాయని విని అతని భార్య తిరిగొచ్చింది. మొన్న అతని ఫోన్ నుంచి తనే చేసింది. నాతో ఆమె మాట్లాడటం అదే మొదలు.

"అన్నా, అంతా చెప్పినాడు ఆయప్ప. ఆ పొద్దు పొద్దన్నించి సాయంత్రందాకా ఆయప్పను ఇడిసిపెట్టకుండా పక్కనే కూచున్యావంట గదా. సొంత అన్న గూడా అట్ల సూసుకోడు."

"అవునమ్మా" అన్నాను.